అల్ ఖోర్ కాడ నేను పుట్టించిన గుహ

నిన్న డ్యూటీల నేనొక గుహను పుట్టించిన. మిషన్‌తోని గాదు, నోటితోని. నవ్వకుండ్రి, ఇయ్యాల శుక్రారం సెలవు, నౌకరీ ఉన్నదో ఊడిందో ఇంకా తెల్వక ఇట్ల పట్నంల నజ్మా దాక, మన ఊరోళ్ల రూంకు వచ్చి మీ ముంగట కూసున్న. చాయ్ పొయ్యుండ్రి, చెప్త.

మా పని మీకెరికే గదా. ఈ అరబ్బుల దేశంల అల్ ఖోర్ ఊరి అవతల బడి కట్టే జాగల బోరేసి లోపలి రాయిని బయటికి తీసుడు. రోకలి లెక్క గుండ్రంగ వస్తది. కట్టె డబ్బాలల్ల లోతు ప్రకారం వరుసగ పేరుస్తం. సూడాన్ సార్ వచ్చి ఏ పొర ఎక్కడున్నదో చూసి రాసుకుంటడు. జియాలజిస్టు ఆయన. ఆయన రాసిన దాన్ని బట్టే పునాది.

మా డ్రిల్లర్ సలీం భాయ్, నిజామాబాదాయన. డీజిల్ కోసం పోతా పోతా, "రాజేశం, సార్ వస్తుండు, డబ్బాలు జర సాఫ్ చేసి పెట్టు," అన్నడు. డబ్బాలు అన్నడు. నేను రాళ్లనుకున్న.

నా తప్పు గాదు, కరీంనగర్ తప్పు. ఎనిమిదేండ్లు గ్రానైట్ క్వారీల చేసిన. కొనేటోళ్లు వస్తుండ్రంటే బండను పైపు పెట్టి కడుగుడే నా పని. గ్రానైట్‌ను నెల రోజులు కడిగినా ఏం గాదు. ఇక్కడికొచ్చి నెలన్నరే గదా, అదే అలవాటుల ట్యాంకర్ పైపు పట్టిన. సున్నపురాయి తెల్లగ మెరిసింది. నాలుగో వరుసల జానెడున్నర పొడుగు ఆకుపచ్చ మట్టి. కడిగిన. కింద రాయి కానరాలే. ఇంకింత ఫోర్సు పెట్టిన. అప్పుడు కానొచ్చింది, డబ్బా అడుగు చెక్క.

రాయి మీద మట్టి గాదది. ఆ మట్టే ఒక పొర. ఒకప్పటి సముద్రం అడుగున, సున్నపురాయి నడుమ, ఎన్ని లక్షల ఏండ్లు పేరుకున్నదో. నేను రెండు నిమిషాలల్ల పంపిచ్చిన.

అంతల సార్ కారొచ్చింది. మొదటి వరుస. రాయి మీద యాసిడ్ చుక్కేసిండు, సున్నపురాయి గదా, బుసబుస పొంగింది. రెండో వరుస. మూడోది. నాలుగో వరుసల ఖాళీ మీద వేలు పెట్టి, ఈడ ఏముండె అని వచ్చీరాని హిందీల అడిగిండు, "యహా క్యా థా?"

హిందీ అంత ఎగిరిపోయింది. రెండు చేతులు జోడిచ్చిన. "మాఫీ, సార్."

"మాఫీ?"

"మాఫీ సార్, మాఫీ."

సార్ మొకం మాడింది. అందరినీ మిషన్ కాడికెళ్లి దూరం పొమ్మని చేతులూపిండు. ఫోన్‌ల "క్యావిటీ, క్యావిటీ" అంటుండు. ఇంత కోపమా, మిషన్ దగ్గర నన్ను నిలవడనీయడా అనుకున్న.

సలీం భాయ్ వచ్చి సార్‌తోని మాట్లాడి నా దిక్కు ఉరికొచ్చిండు. "అరే, ఆడ మట్టి ఉండాలె, ఏమైంది? సార్ అడిగితే మాఫీ అన్నవట?"

"మాఫీ అడిగిన భాయ్. తప్పయింది, కడిగిన."

భాయ్ నెత్తి పట్టుకున్నడు. "ఉర్దూల మాఫీ అంటే మన్నించుడు, అరబ్బీల మాఫీ అంటే ఏం లేదని. బడి కింద క్యావిటీ, అంటే గుహ ఉన్నదని రాసిండు ఆయన, నేల కుంగుతదనే దూరం పొమ్మన్నడు. సుట్టూత ఇంకో నాలుగు బోర్లు ఏయాల్నట, ఈ ఎండల. పా, నువ్వే చెప్పు."

నాది ఇంకా ప్రొబేషనే, కంపెనీ ఎప్పుడంటే అప్పుడు టికెట్ చేతుల పెట్టొచ్చు. చెప్పకుంటే గుహ, చెప్తే ఇంటికి. చెప్పిన. భాయ్ దాన్ని అరబ్బీల సమజ్ చేయిచ్చిండు. సార్ డబ్బా కింద ఇసుకల ఆకుపచ్చ బురద చూసి, చిటికెడు తీసి పండ్ల నడుమ పెట్టి నూరిండు. ఉమిసిండు, మట్టేనని తేలింది. మళ్ల ఫోన్ చేసిండు. నాలుగు బోర్లు పోయి ఒక్కటి మిగిలింది, ఆ పొర కోసం.

సార్ కారెక్కి స్టార్ట్ చేసిండు. నేను అద్దం కాడికి ఉరికిన. "సార్, మేరా నౌకరీ?"

"మాఫీ," అన్నడు. అద్దం ఎక్కిచ్చుకొని పోయిండు.

నల్ల కండ్లద్దాల ఎనక నవ్విండో లేదో కానరాలే. సలీం భాయ్‌ని అడిగితే, ఆయనకు గూడ సమజ్ కాలేదట. రేపు పొద్దుగాల క్యాంప్ నుంచి డ్యూటీకి పోయే బస్సు లిస్టుల నా పేరుంటే సార్ ఉర్దూల అన్నట్టు. లేకుంటే అరబ్బీల.