గౌలిపుర గాజు పూసలు, నేను తప్పుగా పెట్టిన హుడ్

2022 వానాకాలం. గౌలిపురలో ఒక ఇరుకు సందు, సందు చివర రెండు గదుల ఇల్లు, ఇంటి వెనకే నాలుగు బర్రెల కొట్టం. అప్పటికి నేను హోటల్ వంటగదులకు పొగ గొట్టాలు బిగించే పనిలో ఇరవై ఏళ్లు దాటేశాను. నాకు తెలియని పొగ లేదన్న పొగరు కూడా కొంచెం ఉండేది.

ఆ ఇంటి కోడలు లావణ్య గాజు పూసలు చేస్తుంది. బల్లకు బిగించిన టార్చ్ నుంచి గ్యాస్ మంట వస్తుంటే, అందులో గాజు కడ్డీని కరిగించి సన్నని ఇనుప పుల్లకు చుడుతుంది. ఆ మంట నుంచి కంటికి కనిపించని వాయువులు వస్తాయి. మూసిన గదిలో అవి మంచివి కావు. నెల రోజులుగా ఆమెకు సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. అందుకే పొగ గొట్టం పెట్టమని నన్ను పిలిపించారు. పాల వ్యాపారం చూసుకునే అత్త యాదమ్మ నా ముందే తేల్చి చెప్పింది.

"నీ పని మంచిగనే ఉంది పిల్లా. గని పానం కన్న ఎక్కువ గాదు. ఈ తమ్మి చేసినంక గూడ తలకాయ నొస్తే బంద్ వెట్టాలె."

లావణ్య మొహం చూస్తే ఆ పని లేకుండా ఉండలేదని నాకు అర్థమైంది.

"ఫికర్ చెయ్యకు చెల్లె, పెద్ద పెద్ద హోటళ్లకే చేసినోణ్ణి" అన్నాను.

రెండు రోజుల్లో బల్లకు సరిగ్గా పైన హుడ్ పెట్టాను. హుడ్ అంటే పొగను పట్టే రేకు గొడుగు. దానికి డక్ట్, అంటే రేకు గొట్టం, చివర పెద్ద ఫ్యాన్. అగరుబత్తి వెలిగించి బల్ల మీద పెడితే పొగ తిన్నగా పైకి పోయింది. మీసం మెలేయడం ఒక్కటే తక్కువ.

నాలుగో రోజు లావణ్య ఫోన్ చేసింది. "అన్నా, తలకాయ ఇంకింత నొస్తుంది. అత్తమ్మ సామాన్లు సదురుమంటున్నది."

పనులు వదిలేసి వెళ్లి మళ్లీ అగరుబత్తి వెలిగించాను. మళ్లీ పొగ పైకే పోయింది. "మంచిగనే గుంజుతుంది గదమ్మా" అన్నాను. పాల క్యాన్లు కడుగుతున్న యాదమ్మ గుమ్మం దాకా వచ్చి చూసింది.

"గుంజుతుంది. గని గా కుర్సీల ఎవ్వలూ లేరు గద. నువ్వు కూసొని సూడు తమ్మీ."

కూర్చున్నాను. పూస చేసేవాళ్లు మంట మీదికి వంగాలి కాబట్టి నేనూ వంగాను. పైకి పోయే పొగంతా నా ముక్కు మీదుగానే పోయింది. నేను దగ్గుతుంటే యాదమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నేను రోజు మాపటికి బర్లకు దోమల పొగ వెడ్త. గాలి ఎటుకెళ్లి వస్తుందో సూసి, మూతికి తగలకుంట వెడ్త. గంతే గద, ఇందుల ఏమున్నది!"

నిజంగా అంతే. హోటల్లో వంటమనిషి నిలబడి గరిటె తిప్పుతాడు, మంట మీదికి మొహం పెట్టడు. నేను మనిషిని మరిచిపోయి పొయ్యికి కొలత తీశాను. పైగా పేడ వాసన వస్తుందని మూసిన వెనక కిటికీని నేనూ పట్టించుకోలేదు. బయటికి తోసినంత గాలి లోపలికి రావాలి. దాన్ని మా పనిలో మేకప్ ఎయిర్ అంటాం. అది లేకపోతే ఎంత పెద్ద ఫ్యానైనా ఉత్త రొదే.

ఆ రోజే కిటికీ తెరిచి, హుడ్ విప్పి, మంటకు అవతల గోడ వైపు, బల్ల ఎత్తులో నిలబెట్టాను. ఇప్పుడు గాలి వెనక కిటికీలోంచి వచ్చి, లావణ్యను దాటి, మంట వేడినీ వాయువులనూ తీసుకుని అటే బయటికి పోతుంది. కిటికీకి జాలీ కొట్టాను, సిలిండర్ గోడ బయటికి మార్చాను, లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించాను. కొట్టంలో వేసే దోమల పొగ కిటికీలోంచి వస్తుంది కాబట్టి, ఆ వేళకు టార్చ్ ఆర్పేయాలని అత్తాకోడళ్లు మాట్లాడుకున్నారు. ఇక అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా, పనిచేసే మనిషి చోట కూర్చున్నాకే టేపు బయటికి తీస్తున్నాను.

వారం తర్వాత చూసొద్దామని వెళ్తే సందులోకే నవ్వులు వినిపించాయి. లోపల టార్చ్ ముందు యాదమ్మ కూర్చుని ఉంది! కళ్లకు కోడలి రంగు అద్దాలు, చేతిలో నీలం గాజు కడ్డీ. లావణ్య పక్కన నిలబడి అత్త మోచేయి పట్టుకుని నేర్పుతోంది.

"తలనొప్పి ఎట్లుంది చెల్లె?"

"ఒక్కనాడు గూడ రాలే అన్నా!"

నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. ఇంకేదో అనబోతుంటే యాదమ్మ మంట మీంచి చూపు తిప్పకుండానే కసిరింది.

"లొల్లి జెయ్యకుర్రి, పూస వంకరవోతది. మా పెద్ద బర్రె మెడకు కట్టాలె."