బోర్మాలో ఆరిన తాళ్లు

పలాసలో కాపురం ఉంటున్న మా ఆడపడుచు సత్యవతి ఈ కబురు మొదట మోసుకొచ్చింది. చేతిలో సంచి కింద పెట్టకుండానే, "వదినా, దాలమ్మ ఆళ్ల తాళ్లు మళ్లీ తెగిపోనాయట" అంది.

దాలమ్మది ఉద్దానం తీరాన, వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లె. ఆమె, మరికొందరు ఆడవాళ్లు కలిసి కొబ్బరి పీచుతో తాళ్లు పేనుతారు. నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు, పీచు గురించీ నూలు గురించీ తర్వాత పుస్తకాలు తెచ్చుకుని నేనే చదివాను. ఆ కాస్త తెలివితో నిరుడు ఆ పల్లెలో కొన్నాళ్లుండి, పురి సమంగా ఎక్కించడం వాళ్లకు చూపించి వచ్చాను.

అంతకు ముందు దాలమ్మ పలాసలో జీడిగింజలు కొట్టేది. జీడి రసం వేళ్ల చర్మం తినేసి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. తాళ్ల పనిలోకి వచ్చాక వేళ్లకు కొత్త చర్మం వచ్చింది. ఏటిగట్లు కోసుకుపోకుండా పరిచే పీచు వలలకు ఇప్పుడొక పెద్ద ఆర్డరు ఉంది. అది వస్తే ఆమెకు ఏడాదంతా పని. రాకపోతే మళ్లీ జీడి బల్ల ముందు కూర్చోవాలి. కొనేవాళ్లు విశాఖపట్నంలో ఎక్కడో తాడు బలం పరీక్ష చేయిస్తే రెండుసార్లూ తెగింది. సోమవారం లోగా మంచి ఫలితం చూపకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారట.

నాకు ఒళ్లు మండింది. నిరుడు నా ముందే ఆ తాడు కట్టి పడవను ఒడ్డుకు లాగారు. పడవకు తెగనిది పరీక్షకు ఎలా తెగింది?

శుక్రవారం తెల్లవారుజామున దేవుడి దగ్గర దీపం పెట్టుకుని విజయనగరం స్టేషనుకు వెళ్లాను. ఆరున్నర ప్యాసింజరు ఏడుంపావుకు వచ్చింది. వచ్చినందుకే దేవుడికి దండం పెట్టుకున్నాను. పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. నిమ్మాడ వెళ్లే ఒక పెద్దావిడ తన గంప ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది, ఆమె చల్లగా ఉండాలి. నా సంచిలోంచి బయటికి వచ్చిన నిరుటి తాడు ముక్కను కాసేపు చూసి అడిగింది.

"ఏటమ్మా అది? గేదికా?"

"కాదమ్మా, పరీక్షకి."

"ఓలమ్మ! తాడుకీ పరీచ్చలేనా! మా మనవడు మూడేళ్లబట్టి రాత్తన్నాడు, ఆడిదే అవ్వనేదు."

నౌపడలో అంతసేపు ఎందుకు ఆపారో ఎవరికీ తెలియదు. మా పక్కనుంచి రెండు బండ్లు దూసుకుపోయాయి. కిటికీలోంచి ఉప్పు మడులు చూసి చూసి కళ్లు మండాయి. పలాస చేరేసరికి పదకొండు దాటింది. ఈ దారిన వెళ్లేవారు స్టేషను బయటే టిఫిను చేసేయండి, తర్వాత ఏమీ దొరకదు. ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. "ఇంకో ఇద్దరెక్కితే ఎలిపోదం" అన్నాడు డ్రైవరు. ముప్పావుగంట తర్వాత ఇద్దరు కాదు, ఆరుగురు ఎక్కారు. నా మోకాళ్ల మీద ఎవరిదో ఎరువుల బస్తా. అయినా పల్లె మొదట్లో దింపేయకుండా దాలమ్మ గుమ్మం దాకా తీసుకెళ్లాడు. ఆ మాట కూడా చెప్పాలి.

దాలమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, మూడోసారి పంపడానికి సిద్ధం చేసిన తాడు తెస్తానని లోపలికి వెళ్లింది. తాడు చేతిలో పెడుతుందనుకుంటే రేకు డబ్బా పెట్టింది. మూత చుట్టూ టేపు, లోపల ప్లాస్టిక్ సంచి, దానికి మళ్లీ ముడి. విప్పగానే వేయించిన జీడిపప్పు వాసన.

"ఇదేమిటి దాలమ్మా?"

"బోర్మాలో ఎట్టినాం పంతులమ్మా! నాను ఫేట్రీ మేస్త్రీ కాళ్లు పట్టుకున్నంత పని సేసినాను. రెండు రేత్రులు ఉంచినాం. సూడండి, ఎలాగ గలగలలాడతందో!"

జీడి ఫ్యాక్టరీల్లో పప్పును ఆరబెట్టే వేడి గదిని బోర్మా అంటారు. అందులో పెడితే పప్పు మీది ఎర్ర పొర పెళుసెక్కి, వేళ్లతో నలిపితే రాలిపోతుంది. పరీక్ష చేసేవాళ్లు ఫోనులో "తడి ఉంటే తీసుకోం" అన్నారట. ఇక్కడివాళ్లకు తడి లేకపోవడమంటే బోర్మాయే. ఆరిన పప్పుకు గాలి తగలకుండా డబ్బాలో బిగించడం కూడా వాళ్లకు అలవాటే. తాడుకూ అదే మర్యాద చేశారు.

ఒక పోగు తీసి వంచాను. పుల్లలా విరిగింది.

"మొదటి రెండుసార్లూ ఇలాగే పంపారా?"

"మరేటి! ఆరబెట్టకండా అసుబ్రంగా పంపుతానా నాను?"

అంత దూరం ప్రయాణం చేసి వచ్చాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పీచు జీడిపప్పు కాదు. గాలిలోని తడిని కొద్దికొద్దిగా పీల్చి లోపల ఉంచుకుంటుంది. ఆ కాస్త తడి వల్లే వంగుతుంది, సాగుతుంది, బరువును పక్క పోగుతో పంచుకుంటుంది. అదీ లాగేస్తే మొదటి పోగు విరిగిన మరుక్షణం మిగతావన్నీ దాని వెంట పోతాయి. అందుకే పరీక్షకు ముందు తాడును ఒక రోజంతా మామూలు గాలిలో ఉంచాలి. విశాఖలో వాళ్లు డబ్బా మూత తీయగానే యంత్రానికి తగిలించి ఉంటారు. ఒక్క రోజు ఆగి ఉంటే నాకీ ఎరువుల బస్తా తప్పేది.

చెప్పిందంతా విని దాలమ్మ తాడును మళ్లీ డబ్బాలో పెట్టి మూత బిగించింది. తర్వాత తన వేళ్లు చూసుకుంటూ, "అయితే ఇక ఫేట్రీకే" అంది.

"ఇదే పీచుతో పేనింది బోర్మాలో పెట్టకుండా ఏమైనా మిగిలిందా?"

వరండాలో కొయ్యకు ఒక చుట్ట వేలాడుతోంది, నాలుగు రోజులుగా గాలికి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. నాకు శుక్రవారం నియమమని, కొత్త గిన్నె తీసి పప్పుచారు కాచింది. అంత దిగుల్లోనూ ఆ సంగతి మరిచిపోలేదు.

శనివారం పొద్దున్న ఏడు గంటల బస్సు రాలేదు. ఎందుకు రాలేదంటే, "నిన్న వచ్చింది కదమ్మా" అన్నాడు కిళ్లీకొట్టు ఆయన. మళ్లీ ఆటో, పలాసలో బస్సు, టెక్కలి చేరేసరికి పదకొండు. అక్కడొక కాలేజీలో లాగి చూసే యంత్రం ఉందని సత్యవతి కనుక్కుని ఉంచింది. ల్యాబ్ అసిస్టెంటు కళ్లజోడు పైకి తోసుకుని, తాడు కొసలు జారిపోకుండా చుట్టి బిగించాడు. మీట నొక్కబోతుండగా ఫ్యాను ఆగిపోయింది.

"కరెంటు ఎలిపోనాది మేడమ్. వత్తది, కూకోండి."

ఒంటిగంటకు కాలేజీ మూసేస్తారు. కూర్చుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టాను. సగంలో ఉండగా, "మేడమ్, సోమారం వత్తారా?" అన్నాడు. సోమవారం అన్న మాటకు నామం మరిచిపోయి ఆయన మీద కసిరాను. పాపం, ఆయన తప్పేముంది? పన్నెండున్నర దాటాక ఫ్యాను తిరిగింది.

ముందు, పోల్చి చూడటానికి డబ్బాలోనే బిగించి తెచ్చిన బోర్మా తాడు. అర నిమిషమైనా పట్టలేదు, టప్పున తెగింది.

"ఇది తాడా అప్పడమా మేడమ్?" అన్నాడాయన.

తర్వాత వరండా తాడు. సాగింది, మూలిగింది, కొనేవాళ్లు అడిగిన గీత దాటింది. ఇంకా పైకి పోయింది. ఆ తర్వాత గానీ ఒక్కొక్క పోగూ వీడలేదు. ఆయన ఫలితం రాసి, సంతకం పెట్టి, ముద్ర వేయించి ఇచ్చాడు. భోజనం మానుకుని చేశాడు. ఆయన మేలు మరువలేను.

బయటికి వచ్చి ఆ కాగితం ఫోటో తీసి కొనేవాళ్లకు పంపి, ఫోను చేశాను. ముప్పావు సంతోషం అక్కడే ఆవిరైంది. "రెండుసార్లు తెగింది కదండీ. సోమవారం పైవాళ్ల ముందు పెడతాం. ఏ మాటా చెప్పలేం." మీ దగ్గర మిగిలిన తాడు ముక్కను ఒక్క రోజు వరండాలో వేలాడదీసి చూడండి నాయనా అంటే, ఫోను పెట్టేశారు.

నౌపడకు ఆటోలో వచ్చి బండి ఎక్కాను. ఇది ఆలస్యం కాలేదు, కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. ఉద్దానం వెళ్లేవారు బండ్లనూ బస్సులనూ నమ్మకండి, మనుషులను నమ్మండి. నాకు తేలింది అదే. బండి కదిలాక దాలమ్మకు ఫోను చేశాను. వెనుక టకటకమని చప్పుడు.

"తాడు నిలబడింది దాలమ్మా! గీత దాటింది!"

"నిజివేనా! అమ్మ తల్లీ..." ఆ టకటక మాత్రం ఆగలేదు.

"ఆ చప్పుడేమిటి?"

"ఫేట్రీలో ఉన్నాను పంతులమ్మా. సోమారం ఆళ్లు ఏటంటారో తెలీదు కదా. బల్ల కాళీగుందంటే కూకున్నాను."

"చేతులకు నూనె రాసుకున్నావా?"

"రాసుకున్నాను. ఈ రెండ్రోజులకి ఏటవుద్దిలెండి."

సోమవారం జవాబు రాలేదు. ఇది రాస్తున్న గురువారానికీ రాలేదు. రోజూ ఫోను చేస్తున్నాను, రోజూ రేపంటున్నారు. దాలమ్మ బల్ల దగ్గరే ఉంది. చదివేవారిని ఒక్కటి కోరుకుంటాను. ఈ సాయంత్రం మీ దీపం ముందు చేతులు జోడించినప్పుడు, ఉద్దానంలో దాలమ్మ అనే ఒకామె ఉందని తలచుకోండి. ఆమె వేళ్లకు చర్మం నిలవాలని అడగండి.