కోటిరత్నం రేవు

కొండ దిగి వచ్చే ఆ వాగు నీళ్లే దిగువ ఊళ్లు తాగుతాయి. మిరపచేలకు మందు కొట్టేవాళ్లు పురుగుమందు అంటిన డబ్బాలు అందులో ముంచకుండా, కోటిరత్నం పొద్దున్నే బిందెతో రేవులో నిలబడుతుంది. చెంగు నడుముకు బిగించి, ఒక్కొక్క డబ్బాలో తనే నీళ్లు పోస్తుంది. ఒంటరి మనిషి. రోజంతటిలో ఆమె మాట్లాడేది ఆ కాసేపే.

“వాగు నీ పేర రాశారా పిన్నీ?” అంటాడు అంకారావు.

“రాస్తే నిన్ను దిగనిస్తానా? డబ్బా ఇటు పెట్టు.”

ఈ ఏడు అంకారావు చేలో బోరు పడింది. అందరూ అక్కడే డబ్బాలు నింపుకుంటున్నారు. “ఇక నీకు కాపలా తప్పింది పిన్నీ” అని అతనే సంతోషంగా చెప్పాడు. మర్నాడూ ఆమె రేవుకు వెళ్లింది. పొద్దెక్కినా ఎవరూ రాలేదు. డబ్బాలు కడిగిన నీళ్లు వాగులోకి వదులుతున్నారేమో చూడాలి అనుకుంటూ, అంకారావు చేని దారి పట్టింది.