నల్లమద్ది చెక్క, మూడు గీతల బెల్టు

నా నల్ల బెల్టు చివర మూడు బంగారు గీతలున్నాయి. తైక్వాండో తెలిసినవాళ్ళకు వాటి అర్థం మూడో డాన్, నల్ల బెల్టులో మూడో మెట్టు. తెలియనివాళ్ళకు, అంటే దుమ్ముగూడెం వైపు మా ఆశ్రమ పాఠశాల చుట్టుపక్కల దాదాపు అందరికీ, ఈ మేడంతో పెట్టుకుంటే ఎముకలు మిగలవని అర్థం. పదకొండేళ్ళుగా ఇక్కడ ఆడపిల్లలకు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. ఆ రెండో అర్థాన్ని నేనెప్పుడూ సరిదిద్దలేదు. అది నాకు సుఖంగానే ఉండేది.

నిజం చెప్పాలంటే నేను ఎవరినీ గట్టిగా కొట్టింది లేదు, ఒక్కసారి తప్ప ఎవరిచేతా గట్టిగా తన్నించుకున్నదీ లేదు. మాది ముదిగొండ దగ్గర ఊరు. ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు మేం వెళ్ళే చర్చి వెనక ఖాళీ జాగాలో ఒక మాస్టారు తైక్వాండో నేర్పేవారు. స్పోర్ట్స్ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగానికి పనికొస్తుందని మా నాన్న నన్ను చేర్పించాడు. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. తైక్వాండోలో పూమ్సే అని ఒకటుంటుంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఉన్నట్టే అనుకుని, ఏ అడుగు తర్వాత ఏ అడుగు, ఎటు తిరిగి ఏ దెబ్బ అన్నది వరసగా చేసి చూపించాలి. పరీక్షలో మార్కులు ఎక్కువగా దానికే. పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పేసేదాన్ని. ఒకరితో ఒకరు తలపడే ఆట వచ్చేసరికి జ్వరమో, కాలు బెణుకో ఏదో ఒకటి నాకు సిద్ధంగా ఉండేది. ఒక డాన్‌కూ ఇంకో డాన్‌కూ మధ్య కొన్నేళ్ళు ఆగాలని నియమం. ఆగడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఆగాను, అవే వచ్చాయి.

అలాగని డాన్‌లన్నీ ఉత్తివే అనను. మా మాస్టారుది ఆరో డాన్. ఇప్పుడాయనకు పొట్ట వచ్చింది, కాలు నడుము దాటి లేవదు. కానీ గుమ్మంలో నిలబడి లోపల తన్నుతున్న పిల్లను ఒక్కసారి చూసి, నీ ఎడమ మడమ తిరగడం లేదు, అందుకే తుంటి నొప్పి పుడుతోంది అనేస్తారు. ఆ పిల్లకు తుంటి నొప్పి ఉన్నట్టు అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఆయన గీతలు ఆయన కళ్ళలోకి ఎక్కాయి. నావి ఎక్కడికి ఎక్కాయని అడిగితే, బెల్టు మీదే ఉన్నాయని చెప్పాలి.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక కోయ పిల్ల ఉంది. వాళ్ళ నాన్న దగ్గరి గూడెంలో నాగళ్ళు, మంచాలు, దర్వాజాలు చేస్తాడు. ఈ పిల్ల తన్ను నేను చెప్పలేను, చూడాల్సిందే. కాలు లేచినట్టు కనపడేసరికి ఎదుటి పిల్ల రెండడుగులు వెనక ఉంటుంది. నల్లకు ముందరి ఎర్ర బెల్టు కట్టిన పదో తరగతి పిల్లలు కూడా దీనితో జత పడకుండా మొహం చాటేసేవారు. దీని నడుముకు మాత్రం పసుపు బెల్టే, తెలుపు తర్వాత వచ్చే మొదటి రంగు. ఎందుకంటే పూమ్సే రాదు. మధ్యలో ఒకచోట ఎడమకు తిరగాల్సింది కుడికి తిరుగుతుంది, అక్కడి నుంచి అంతా తలకిందులు. రంగు బెల్టుల పరీక్ష పెట్టేది నేనే. రెండుసార్లు ఫెయిల్ చేశాను.

మొదటిసారి ఫెయిల్ చేయడంలో తప్పు లేదు. రెండోసారి సంగతి వేరు. ఆ పరీక్షకు వారం ముందు, పిల్లలకు చూపించడానికని దాన్ని ఎదురుగా నిలబెట్టుకుని, ఎలా అడ్డుకోవాలో చెబుతున్నాను. చెప్పడం పూర్తయ్యేలోపే దాని పాదం నా డొక్కలో దిగింది. దానికి పాపం తన్నమన్నట్టే వినిపించింది, తన్నింది. ఊపిరి అందక నేను నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాను. వారం తిరిగాక పరీక్షలో అది చేసిన తప్పే ఇంకో ఇద్దరు కూడా చేశారు. వాళ్ళను పాస్ చేశాను. దీన్ని చేయలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

ఆ పిల్ల కోరిక మాత్రం ఒక్కటే. ఖమ్మంలో జరిగే ఉమ్మడి జిల్లా ఎంపికలకు వెళ్ళాలి, అక్కడ గెలిచి రాష్ట్రం పోటీలకు ఆడాలి. ఎంపికలకు నిలబడాలంటే కనీసం నీలం బెల్టు ఉండాలి. పసుపు నుంచి ఆకుపచ్చ, ఆకుపచ్చ నుంచి నీలం, అంటే రెండు మెట్లు. ప్రతి ఆదివారం వచ్చి, మేడం, పరీక్ష ఎప్పుడు పెడతరు అని అడిగేది. చూద్దాం అనేదాన్ని.

ఏటా పంద్రాగస్టుకు మా బడిలో నేను చెక్క విరగ్గొడతాను. జెండా ఎగరేశాక, పిల్లల పాటలయ్యాక, చివరి అంశం అదే. ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది, మాస్టార్లందరికీ తెలిసిందే. ఖమ్మం పండ్ల మార్కెట్లో ఆపిల్ పెట్టెల చెక్క దొరుకుతుంది. దాన్ని జానెడు ముక్కలుగా కోయించి, రెండు మూడు రోజులు డాబా మీద ఎండబెడితే పెళుసుబారుతుంది. పొర ఎటు ఉందో చూసి ఇద్దరిచేత పట్టిస్తే పదేళ్ళ పిల్ల కొట్టినా ఫట్‌మంటుంది. చూసేవాళ్ళకు చప్పుడు ముఖ్యం. చప్పుడు బాగానే వచ్చేది.

ఆ ఏడు గోదారి పొంగి, స్టోర్ రూమ్‌లో అడుగు మేర నీళ్ళు నిలిచి, నా ఆపిల్ చెక్కలు నాని ఉబ్బిపోయాయి. తడి చెక్క విరగదు, వంగుతుంది. ఖమ్మం వెళ్ళొచ్చే వీలు లేదు. నాకు చప్పున తట్టింది ఆ పిల్ల వాళ్ళ నాన్నే. రేపటికల్లా జానెడు చెక్క ముక్క ఒకటి, అంగుళం మందంలో కావాలని కబురు పెట్టాను. ఏం చెక్కో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు, చెక్కంటే నా బుర్రలో ఆపిల్ చెక్కే.

పొద్దున్నే ఆయన చెక్కను కొత్త తువ్వాల్లో చుట్టి తెచ్చి హెడ్మాస్టర్ గదిలో ఇచ్చి వెళ్ళాడు. చిత్రిక పట్టి, నూనె రుద్ది, అంచులు నున్నగా తీసి ఉంది. బాగుందే అనుకున్నాను. చేత్తో ఎత్తి చూడనైనా లేదు.

నా వంతు వచ్చేసరికి మైదానం నిండా జనం. తల్లిదండ్రులు, సర్పంచి, భద్రాచలం నుంచి వచ్చిన ఆఫీసరు. చెక్క పట్టుకోవడానికి ఇద్దరు పిల్లలను పిలిచాను, అందులో ఒకతె ఆ పిల్లే. చెక్క చేతిలోకి తీసుకోగానే దాని మొహం మారింది. నేను పిడికిలి సరిచూసుకుంటుంటే మెల్లగా అంది:

“మేడం, ఇది నల్లమద్ది. కొట్టకుండ్రి.”

వినపడింది. స్పష్టంగా వినపడింది. నాగలికీ దర్వాజాకూ వాడే ఆ గట్టి చెక్క సంగతి నాకూ కొంత తెలుసు. కానీ ముందు వరసలో ఆఫీసరు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. పసుపు బెల్టు పిల్ల చెబితే మూడు గీతల మేడం ఆగిపోవాలా అని కూడా అనిపించింది. గట్టిగా అరిచి కొట్టాను.

చప్పుడు వచ్చింది, కానీ చెక్కలోంచి కాదు. భద్రాచలం దవాఖానాలో ఎక్స్‌రే తీసి, చిటికెన వేలి వెనక ఎముక విరిగిందన్నారు. మోచేతి దాకా పిండికట్టు వేశారు. చెక్క మీద గీత కూడా పడలేదని తర్వాత విన్నాను. మాస్టారుకు ఫోన్ చేసి చెబితే, ఏం చెక్క అని అడిగి చాలాసేపు నవ్వారు. ఆ చెక్క తనవల్ల కూడా కాదని, ఆ మాట తాను ముందే ఒప్పుకోవడం వల్లే తన చెయ్యి బాగుందని అన్నారు.

మూడో రోజు ఆ పిల్ల వాళ్ళ నాన్న నన్ను చూడడానికి వచ్చాడు. ఇప్పపూల లడ్డూలు తెచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన బాధ నా చెయ్యి విరిగిందని ఒక్కటే కాదు, ఎక్కడ పొరపాటు జరిగిందో ఆయనకు అర్థం కాలేదు.

“మూడు గీతల నల్ల బెల్టని మా బిడ్డ చెప్పింది మేడం. గంత పెద్ద మేడంకు డబ్బా చెక్క ఎట్ల ఇస్తం? మా ఇంటి దర్వాజకని దాసిపెట్టిన దాంట్ల కోసి తెచ్చిన.”

నా బెల్టును పూర్తిగా నమ్మిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. నేను కూడా ఎప్పుడూ అంత నమ్మలేదు. అన్నా, తప్పు నీది కాదు, నేను చెప్పాల్సింది చెప్పలేదు అన్నాను. ఆయన ఒప్పుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే జిల్లా ఎంపికల కాగితం వచ్చింది. ఇంకా పది రోజులే ఉన్నాయి. పిండికట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా ఆలోచించాను. పిల్ల పసుపు బెల్టుతో ఆగిపోవడానికి సగం కారణం దాని పూమ్సే, సగం నా డొక్క. ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో రెండు సర్టిఫికెట్లు నింపాను, ఆకుపచ్చకొకటి, నీలానికొకటి. సంతకం పెట్టాను. దాన్ని పిలిచి చేతిలో పెట్టి, ఖమ్మం వెళ్ళడానికి బట్టలు సర్దుకో అన్నాను. కాళ్ళ మీద పడుతుందనుకున్నాను, ఉన్న సంగతి చెప్పాలి కదా.

అది రెండు కాగితాలూ చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. తర్వాత వాటిని జాగ్రత్తగా నా బల్ల మీద పెట్టేసింది.

“పరీక్ష గాలేదు గద మేడం” అంది.

అయినట్టే అనుకో అన్నాను. నీ ఆట నాకు తెలుసు, పూమ్సే తర్వాత నేర్చుకోవచ్చన్నాను. అది తల దించుకునే చెప్పింది:

“పూమ్సే రాకుంట నీలం బెల్టు కట్టుకపోతే, ఆడ గూడ ఎవలో ఒకలు నల్లమద్ది తెస్తరు మేడం. నాకు ఒచ్చినంక ఇయ్యుండ్రి.”

నాకు కోపం వచ్చింది. ముందు వచ్చింది కోపమే. నా కాగితం నా మొహాన కొట్టిందని, ఇంతలేసి మాటలు ఎక్కడ నేర్చుకుందని. పో బయటికి అన్నాను. అది వెళ్ళాక తలుపు వేసుకుని ఏడ్చాను. అది నన్ను దెప్పలేదు, నాకది తెలుసు. వాళ్ళ నాన్న కోసిన చెక్క చూసింది, నా చెయ్యి చూసింది, చూసినదాన్ని బట్టి మాట్లాడింది. బెల్టు ఉన్నది కట్టుకున్నవాళ్ళ కోసమే అనుకుంటూ నేను ఇన్నేళ్ళు బతికాను. దాన్ని చూసి ఎదుటివాళ్ళు మన ముందు ఏం పెడతారన్నది ఆ పిల్లకు ఒక్క పొద్దులో అర్థమైంది.

ఆ ఏడు అది ఎంపికలకు వెళ్ళలేదు. దాని ఈడు పిల్లలు ఇద్దరు ఖమ్మం వెళ్ళి, మొదటి రౌండులోనే ఓడి తిరిగొచ్చారు. వాళ్ళు బస్సు దిగుతుంటే ఇది వరండాలో నిలబడి చూసింది. నాకు దాని వైపు చూడడం కష్టమైంది.

పూమ్సే సంగతి అదే చూసుకుంది. నేను ఎప్పుడూ బోర్డు మీద బాణం గుర్తులు గీసి నేర్పేదాన్ని, ఆ బాణాలు దాని తలకెక్కేవి కావు. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి, వాళ్ళ నాన్న చెక్క కోసే ముందు గీత వేసుకునే దారం తెచ్చుకుంది. ఎర్రమట్టి నీళ్ళలో ముంచి, రెండు చివరలా బిగించి పట్టి, మధ్యలో లాగి వదిలితే నేల మీద సూటిగా గీత పడుతుంది. వరండా గచ్చు మీద పూమ్సే మొత్తం అలా గీసుకుంది. తప్పు తిరిగే చోట రెండు గీతలు వేసుకుంది. కొన్ని వారాలు వరండా అంతా ఎర్రగా ఉండేది, హెడ్మాస్టర్ చిరాకు పడ్డారు, నేను సర్దిచెప్పాను. చలికాలం మొదలయ్యేసరికి గీతలు చెరిగిపోయాయి, తిరగడం మాత్రం కుదిరింది.

ఈసారి పరీక్ష నేను పెట్టలేదు. మాస్టారును ఖమ్మం నుంచి రప్పించి కూర్చోబెట్టి, నేను పిల్లల వెనక నిలబడ్డాను. ఆయన ఆ పిల్లను పూమ్సే రెండుసార్లు చేయించారు. ఆకుపచ్చ ఇచ్చారు. నీలం ఇంకో నాలుగు నెలలకు చూద్దామన్నారు. అది సరే సార్ అంది. వచ్చే ఎంపికల లోపల ఆ నాలుగు నెలలూ అయిపోతాయి.

వెళ్ళే ముందు మాస్టారు నా నాలుగో డాన్ కాగితాలు అడిగారు. ఏళ్ళు నిండాయి, పంపితే వచ్చేస్తుందన్నారు. ఇప్పుడు వద్దన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నా చేతి వైపు చూసి తల ఊపారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం, ఛాతీకి గార్డు కట్టుకుని, ఆ పిల్ల ఎదురుగా నిలబడుతున్నాను. నలభై రెండేళ్ళకు మొదలుపెట్టాను, ఇన్నాళ్ళూ ఎగ్గొట్టిన పనే. మొదటి రోజు అది మెల్లగా, మేడం కదా అని ఊరికే తాకించి వదిలేసింది. ఆపి, దగ్గరికి పిలిచి, నా బెల్టు పైకెత్తి మూడు గీతలూ చూపించి, నన్ను కాదు, వీటిని చూసి కొట్టు అన్నాను.

అలాగే కొడుతోంది.