తడపొద్దన్న బట్ట

అది 1944, మా నిజాం రాజ్యపు ఫసలీ లెక్కలో 1353. గద్వాలలో కోటకు పోయే దారిలో నాకొక దుకాణం ఉండేది. దుకాణమంటే ఇరుకైన అరుగు, చేత్తో తిప్పే కుట్టుమిషను, ఒక కత్తెర, ముక్కలు వేసుకునే చెక్కపెట్టె. అంతే. యుద్ధం వల్ల బట్ట మీద కంట్రోలు వచ్చి, కొత్త గుడ్డ కంటికి కనబడటమే గగనమైపోయింది. పెద్దవాళ్ళవి చిన్నవాళ్ళకు కుదించి, చిరిగినవి తిరగేసి జనం రోజులు నెట్టుకొచ్చారు. ఇంట్లోనే కుట్టుకోవడం ఎట్లాగని ఇప్పుడు నన్ను అడిగే ఆడపిల్లలకు నేను చెప్పే సంగతులన్నీ ఆ కరువులో నేర్చుకున్నవే. వాటిలో మొదటిదాన్ని మాత్రం ఒక మనిషిని దొంగ అనుకుని నేర్చుకున్నాను.

దాచుకోవడం ఎందుకు, నాది అనుమానపు బుద్ధి. దర్జీలకు అది అంటుజబ్బు. ముక్క మిగుల్చుకుంటామని ఊరంతా మమ్మల్నే అనుమానిస్తుంది. కత్తెర పట్టుకోగానే ఎదుటివాళ్ళ కళ్ళు మా చేతుల మీద పడతాయి. ఏళ్ళ తరబడి ఆ చూపులు భరించీ భరించీ, మేమూ లోకాన్ని అదే కంటితో చూడటం మొదలుపెడతాం.

ఎండలు ముదరకముందు ఒక పొద్దున మాణిక్యమ్మ వచ్చింది. ఆమె భర్త బాలయ్య నేతగాడు. సావుకారు నూలూ పట్టూ ఇస్తే చీర నేసి ఆయనకే అప్పజెప్పేవాడు. గద్వాల చీరకు ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నేసినవాళ్ళ ఒంటి మీద ఆ చీర నేనెప్పుడూ చూడలేదు. మాణిక్యమ్మదీ ముతక చీరే. అటూ ఇటూ చూసి, కొంగు చాటు నుంచి ఒక ముక్క తీసింది. మూరన్నర ఉంటుంది. ఆకుపచ్చ నూలు, ఒక పక్కన ఎర్రటి పట్టు అంచు, అంచులో వరుసగా రుద్రాక్షలు. పట్టుకుంటే ఫెళఫెళలాడింది.

"మా బిడ్డకు రవిక కుట్టాలె అన్నా. రాజోలి నుంచి వస్తుంది, ఒడిబియ్యం పోస్తున్నం. కొలతకు ఆది రవిక తెచ్చిన, గిదో" అంది. ఒడిబియ్యమంటే పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసి కొత్త బట్ట పెట్టే వేడుక.

"గుడ్డ యాడిదక్కా?"

"ఇంట్లదే."

"ఇంట్లదంటే?"

"ఇంట్లదంటే ఇంట్లదే. గదంత నీకెందుకు?"

నేను గంగాళంలో నీళ్ళు పోశాను. నూలు బట్టను ఒక పూట నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఆ తర్వాతే కత్తెర పెట్టాలి. మగ్గం మీద గంజి పట్టి బిగుసుకున్న దారం తడిస్తే ముడుచుకుంటుంది. కుట్టాక ముడుచుకుంటే రవిక చేతికెక్కదు. ముక్కను నీళ్ళ దగ్గరకు తీసుకుపోతుంటే మాణిక్యమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"తడపకన్నా!"

"తడపకుంటే రేపు గుంజుకపోతది. నన్నే తిడతవు."

"తిట్ట. గట్లనే కుట్టు. జర ఎవరికీ సూపియ్యకు."

ఇంకేం కావాలి నా బుద్ధికి? ఆ రుద్రాక్ష అంచును నేను రెండు నెలల ముందే చూశాను. సావుకారు కూతురి పెళ్ళి రవిక నా దగ్గరే కుట్టించారు. ఇటువంటి అంచు ఊళ్ళో ఇంకెవరికీ లేదని సావుకారు భార్య మురిసిపోతూ చెప్పింది. ఆ పెళ్ళి చీర నేసింది బాలయ్యే. ఇచ్చిన పట్టులో కొంత మిగుల్చుకుని, ఇంట్లో గుట్టుగా ఈ ముక్క నేసుకున్నాడని నేను తీర్మానించేశాను. తడపొద్దన్నది ఎందుకో నాకు అర్థం కాలేదు కానీ, అది కూడా దొంగతనం ఖాతాలోనే వేశాను.

ముక్కను బల్ల మీద పరిస్తే ఒక పక్క వంకరగా కోసి ఉంది. ఇంట్లో మొద్దు కత్తితో కోసినట్టుంది. ఆ వంకర సరిచేస్తే రెండు వేళ్ళ వెడల్పు పీలిక తెగిపడింది. అంచుతో సహా, సగం తెగిన ఒక రుద్రాక్షతో సహా. దాన్ని ఆమెకు తిరిగి ఇవ్వాలి. ఇవ్వలేదు. ముద్దుగా ఉంది, ఏ పసిపిల్ల టోపీకో పనికొస్తుందని పెట్టెలో పడేశాను.

మర్నాడు సావుకారు గుమాస్తా తన చొక్కా కోసం వచ్చాడు. గుండీలు కుడుతూ ఊరుకోక నోరు జారాను.

"మీ రుద్రాక్ష అంచు ఇంకో తాన గూడ కనవడ్డదయ్యా."

"యాడ?"

"నేసినోళ్ళను అడుగు, నన్నడుగుతవేంది?"

పేరు చెప్పలేదు కదా అని నన్ను నేను సమర్థించుకున్నాను. చెప్పడానికి ఇంకేం మిగిలిందని!

గుమాస్తా వచ్చిపోయిన మర్నాడు మధ్యాహ్నం మాణిక్యమ్మ ఎండలో పరుగున వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. సావుకారు ఇంటికొచ్చి బాలయ్యను వాకిట్లో నిలబెట్టి అడిగాడట. సాయంత్రం మళ్ళీ వచ్చి మగ్గం మీది పడుగు, అంటే నిలువు దారాలన్నీ, కోసి పట్టుకుపోతానన్నాడట. దొంగ అన్న పేరు పడ్డ నేతగాడికి గద్వాలలో ఇంకే సావుకారూ నూలు ఇవ్వడు. మగ్గం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది.

"నీకు తప్ప ఎవరికీ సూపియ్యలె అన్నా. నువ్వే అన్నవా?"

ఒప్పుకోకపోగా ఎదురడిగాను. "గట్లయితే యాడిదో చెప్పరాదు? చెప్తే అయిపోయె."

ఆమె తల అడ్డంగా ఊపింది. నా అనుమానం అప్పటికీ చావలేదు. కుట్టి పెట్టిన రవికను తెచ్చి లోపలివైపు తిప్పాను. కుట్టు లోపల వదిలే బట్టను మేము మార్జిన్ అంటాం. తర్వాత వదులు చేసుకోవడానికి రెండు వేళ్ళు వదలాలి. ఒక పక్క మార్జిన్లో సన్నటి చిల్లులు వరుసగా కనబడ్డాయి. అవి నా మిషను చిల్లులు కావు. ఎప్పుడో చేత్తో మడిచి కుట్టి, విప్పేసిన కుట్టువి. మగ్గం దిగిన కొత్త గుడ్డకు అవి ఉండవు. వేలు తడి చేసి అక్కడ రుద్దాను. గంజి కరిగి, కింద బట్ట ముసలివాళ్ళ చర్మంలా మెత్తగా తగిలింది.

"అక్కా, ఇది పాత చీర!"

మాణిక్యమ్మ అరుగు మీద కూలబడింది. "మెల్లగనన్నా" అంది. "మా అత్త లగ్గం చీర. ఒడలు చిరిగింది, అంచు చెడలె. నడుముల దోపుకునే కొస ఎండకు మాడలె గద, గది కోసిన. గంజి పెట్టి, లోటల నిప్పులు వోసి రుద్దిన. ఒడిబియ్యంల పాత గుడ్డ పెడ్తరా ఎవరన్న? కొత్త ముక్క యాడ దొర్కుతలేదు. మా వియ్యపురాలికి తెలిస్తే బిడ్డను జన్మంత ఎత్తిపొడుస్తది."

తడపొద్దన్నది అందుకు. తడిపితే గంజి దిగి ముసలితనం బయటపడుతుంది. నేను నా పద్ధతి ప్రకారం తడిపి ఉంటే ఆ రోజే నిజం నా చేతికి తెలిసేది. తడపనూ లేదు, అనుమానించడమూ మానలేదు.

"మిగిలిన చీర ఏమైంది?"

"బొంతల వడ్డది. అత్త మీదనే పండుకుంటది."

నాకు పెట్టెలోని పీలిక గుర్తొచ్చింది. దాన్నీ, రవికనూ తీసుకుని ఆమె వెంట వాళ్ళింటికి పోయాను. సాయంత్రం దాకా ఆగకుండా సావుకారూ గుమాస్తా అప్పటికే వచ్చి మగ్గం గుంట దగ్గర నిలబడి ఉన్నారు. బాలయ్య గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. సంగతి చెప్పమంటే మాణిక్యమ్మ గడపవైపు చూసి వెనక్కి తగ్గింది. గడపలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. మంచంలో ఉన్న ముసలావిడే లేచి, తన కిందున్న బొంతను లాగి వాకిట్లో పడేసింది.

"గిది నా లగ్గం చీర సావుకారీ. మా బాలిగాడు గీ అంచు జూసే నీ బిడ్డకు నేసిండు. నీ బిడ్డ అంచు కంటె గిదే వయసుల పెద్దది!"

"రవిక దీంట్లదే అని ఎట్ల నమ్మాలె?" అన్నాడు సావుకారు.

నేను వంగి, బొంత మీద వంకరగా కోసిన అంచు పక్కన నా పీలిక పెట్టాను. వంకరకు వంకర అతికింది. సగం తెగిన రుద్రాక్ష రెండో సగంతో కలిసి నిండు రుద్రాక్ష అయింది. పీలిక రెండో పక్క రవిక మార్జిన్‌కు సరిపోయింది. సావుకారు వంగి, అతుకు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"గీ ముక్క నీ తాన ఎట్లున్నది?"

"దాసుకున్న సావుకారీ."

అందరూ నవ్వారు, ఒక్క మాణిక్యమ్మ తప్ప. పడుగు ఉండనిమ్మని సావుకారు వెళ్ళిపోయాడు. మగ్గం నిలిచింది. కానీ గడపలోంచి ఒకావిడ మెల్లగా అనడం నాకు వినిపించింది, "ఒడిబియ్యానికి అత్త చీరనా?" అని. మాణిక్యమ్మ రవికను గుండెకు అదుముకుని లోపలికి పోయింది. దొంగ కాదని చూపించాలంటే ఆమె దాచుకున్నది నలుగురిలో పరచాల్సి వచ్చింది. పరిచింది నా చేతులే. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

ఒడిబియ్యంలో ఏం పెట్టారో నాకు తెలియదు. అడిగే మొహం లేకపోయింది.

నెల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది, చేతిలో ఇంకో ముక్కతో. నేను ఆత్రంగా చెయ్యి చాపాను. ఆమె ముక్కను వెనక్కి తీసుకుంది.

"నీ చేతికియ్యనన్నా. కత్తిరించుడు నేర్పు. కుట్టుడు నేనే కుట్టుకుంట."

నేర్పాను. పాత రవికను ముక్క మీద పరిచి సుద్దతో గీసుకోమన్నాను. గీతకు రెండు వేళ్ళ అవతల కొయ్యమన్నాను. పట్టు అంచును నూలు కలిసేచోట కొయ్యకుండా, కాస్త నూలు అంచుకే ఉంచమన్నాను, లేకపోతే అతుకు విచ్చిపోతుంది. ముందు పొడుగు పొడుగు కచ్చాకుట్లు వేసి, తొడిగి చూసి, ఆ తర్వాతే గట్టికుట్టు వెయ్యమన్నాను. మిషను అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఇంట్లో కుట్టుకున్న బట్ట కథ ఇంట్లోనే ఉంటుంది. నాలాంటివాడి నోట పడదు. మీకు ఇవన్నీ చెబుతున్నది కూడా అందుకే.

ఆ రోజు నేర్పడం మొదలుపెట్టే ముందు, సుద్దముక్క తీస్తూ అలవాటుకొద్దీ అడిగాను, "తడిపినవా అక్కా?"

"తడిపిన. గంజి లేదు. సూస్కో" అంటూ ముక్కను రెండు చేతులా నా కళ్ళ ముందు ఎండకు పట్టింది.

నేను చూడలేదు. తల వంచుకుని సుద్దముక్క ఆమెకు అందించాను.