ఒడిబియ్యం జాబితాలో ఒక నంబర్

సిరిసిల్లలో మా బిడ్డ, అల్లుడు తమ మగ్గాల మీద నేసిన చీరెలు అమ్మడానికి వెబ్‌సైట్ పెట్టుకున్నారు. అందరికీ ఒకే చీరెలు చూపిస్తే ఎవరూ నిలబడడం లేదని, వచ్చిన మనిషిని బట్టి పేజీ మారేలా చేయించారు. ఆ మధ్య జగిత్యాలలో మా ఇంటికి వచ్చినప్పుడు బిడ్డ నన్నడిగింది.

“బాపూ, మనోళ్ల బిడ్డల పెండ్లిళ్లు ఏ యేడు అయినయో నీ డైరీలల్ల ఉంటయి గదా. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లతోని రాసియ్యి. నంబర్ కొట్టి లోపటికి అచ్చినోళ్లకు, గీ యేడు ఒడిబియ్యం ఉంటే ‘మీ బిడ్డ ఒడిబియ్యానికి’ అని గా చీరెలే ముంగట కనవడుతయి.”

పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీరె పెట్టి ఒడిలో బియ్యం పోయడం మా దగ్గర పెళ్లయిన మూడో ఏడు, అయిదో ఏడు, అలా బేసి ఏడాదిలోనే. పెళ్లి ఏడు తెలిస్తే చాలు. ప్రతి డైరీ చివరి పేజీల్లో ఆ ఏటి పెళ్లిళ్లన్నీ వరుసగా రాసుకోవడం నాకు అలవాటు. రెండు రోజుల్లో జాబితా పంపాను. నా రాత ఒకరికి పనికొచ్చిందని సంతోషపడ్డాను కూడా.

వారం తర్వాత నకలు సరిచూస్తుంటే, కోరుట్లలో ఉండే చెల్లె, మా చిన్నాయన బిడ్డ నంబర్ దగ్గర వేలు ఆగింది. ఆమె ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయి రెండేళ్లు దాటింది. పెళ్లిళ్లు చివరి పేజీల్లో రాస్తాను. చావులు ఏ రోజువి ఆ రోజు పేజీలోనే ఉంటాయి. నేను చివరి పేజీలే తిప్పాను.

వెంటనే బిడ్డకు ఫోన్ చేశాను.

“తీసేస్త బాపూ. కని కోరుట్ల అత్తమ్మ నిన్ననే చూసింది. గీడ సైట్ లెక్కల కనవడుతుంది.”

“ఎంతసేపు చూసింది?”

“ఎన్మిది నిమిషాలు.”

దొరికిన బస్సెక్కాను. మేడిపల్లి దాటేదాకా ఏం చెప్పాలో వరుసగా అనుకున్నాను. కోరుట్లలో దిగేసరికి ఒక్క మాటా మిగల్లేదు.

చెల్లె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

“ఏందన్నా, ఫోన్ గూడ చెయ్యకుంట అచ్చినవ్?”

నేను చెప్పులు విడిచి అరుగు అంచున కూర్చున్నాను. ఆమె నా ముఖం చూసి అర్థం చేసుకుంది.

“గా ముచ్చటకేనా? పెండ్లి ఏడు గంత మంచిగ నీకే యాదుంటదనుకున్న. నా బిడ్డ దినాలకు అచ్చి గీ అరుగు మీదనే కూసున్నవ్. గది యాదికి రాలేదా?”

“తప్పయింది చెల్లె. తీసేయించిన.”

“ఒక్కో చీరె తెరిసి జూసిన, దాని మొఖానికి ఏది నప్పుతదో అని. అటెన్క ఫోన్ బోర్లేసి పెట్టిన.” ఒక గింజ తీసి పక్కన వేసింది. “గా లిస్టుల నాలెక్క ఇంకెవలున్నరు?”

ఆమె ముందే మళ్లీ ఫోన్ తీశాను.

“అందరియి ఆపెయ్యి బిడ్డా. నేను డైరీలల్ల రోజురోజు పేజీ సదివి చెప్పిందాక ఎవలకు చూపెట్టకు.”

“ఎన్ని రోజులైతది బాపూ?”

“తెల్వది” అన్నాను.