గేమింగ్ లాప్‌టాప్‌కు ప్రార్థన

యాభై దాటిన వయసులో, కారు పందేల ఆట ఆడుకోవాలన్న ఏకైక ఉద్దేశంతో, ఈ రోజు రాజమండ్రిలో ఖరీదైన గేమింగ్ లాప్‌టాప్ ఒకటి కొన్నానని మిత్రులకు వినయపూర్వకంగా నివేదిస్తున్నాను. మా ఇంట్లో ఏ వస్తువైనా పాస్టరు గారు ప్రార్థన చేసిన తర్వాతే వాడకంలోకి వస్తుంది. ఫ్రిజ్‌కు కూడా ఇదే నిబంధన వర్తించింది. కనుక సాయంత్రం ఆయన్ను పిలిపించాం.

కీబోర్డు మీద రంగురంగుల లైట్లు వెలుగుతుండగా ఆయన దానిపై చెయ్యి ఉంచి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ యంత్రాన్ని పూర్తిగా నీ సేవకే అంకితం చేస్తున్నాం" అన్నారు. అలవాటు కొద్దీ అందరికంటే ముందు నేనే ఆమెన్ అన్నాను.

"ఆదివారం పాటలు తెర మీద వెయ్యడానికి లాప్‌టాప్ లేక ఇబ్బంది పడుతున్నామండి. దేవుడే పంపించాడు" అన్నారు పాస్టరు గారు.

"ఈయనేమో రాత్రికి కార్లు తోలుకుందామనుకున్నారండి" అంది మా ఆవిడ.

"ఏం కార్లండి?"

"ఏం లేదండి" అన్నాను.

ప్రస్తుతం అందులో కీర్తనలు టైపు చేస్తున్నాను. సంతోషమూ లేదు, విచారమూ లేదు. ఒకసారి పలికిన ఆమెన్‌ను ఉపసంహరించుకునే విధానం మీలో ఎవరికైనా తెలిసి ఉంటే, ఆదివారం లోపు తెలియజేయగలరు.